నా కాళ్ళు ముట్టుకోవద్దన్న రోజు

"ఆ కాగితం ఇచ్చి వచ్చాక నా కాళ్ళు ముట్టుకోవద్దు," అన్నాను. "వెళ్ళేముందు కూడా వద్దు."

"కాగితం రేపు ఇస్తాను ఆజీ. నీ కాళ్ళు ఇవాళే చూస్తాను," అంది మా మనవరాలు.

"చూడ్డానికేముంది అక్కడ? నీకంటే ముందు పుట్టిన కాళ్ళు."

"అందుకే చూస్తానంటున్నాను. ఈ ఎండలో సిమెంటు మీద ఉత్తకాళ్ళతో అరగంట నుంచీ మామిడి ముక్కలు తిప్పుతున్నావు. నేను చెప్పులు విప్పి రెండు నిమిషాలు నిలబడలేకపోయాను."

"మీవి మెత్తటి కాళ్ళు. మావి చెరకు తోటలో తిరిగిన కాళ్ళు. పెద్ద సర్జనంతటివాడు నీవి కోసే చేతులని మెచ్చుకున్నాడు. ఆ చేతులు పెట్టుకుని దగ్గు మందు రాస్తానంటావేం?"

"దగ్గు మందు కూడా ఎవరో ఒకరు సరిగ్గా రాయాలి కదా."

"ఎవరో ఒకరు రాస్తారు. నువ్వెందుకు?"

ఇదీ ఆ ఆదివారం మధ్యాహ్నం, లోవు అనే మా చెరకు ఊళ్ళో, మా వంటింటి వెనక, ఆరబెట్టిన మామిడి ముక్కల మీదుగా జరిగిన తగాదా. ఆమె మాటలు సగం ఈ దీవుల్లోని హిందీ, సగం తెలుగు. నేను అన్నీ తెలుగులోకి మార్చి రాస్తున్నాను. ఇక్కడ నాయనమ్మను ఆజీ అంటారు, తాతను ఆజా అంటారు. నాకు పిల్లల చేత నాయనమ్మా అని పిలిపించుకోవాలని ఉండేది గాని, పిలిచేవాళ్ళ నోరు మన చేతిలో ఉండదు. నా చదువు మూడో క్లాసు. మనవాళ్ళ సంఘం పెట్టిన బడిలో ఒక మాస్టారు పలక మీద నేర్పిన అక్షరాలు ఇన్నాళ్ళూ అరగకుండా వాడుకుంటున్నాను. నేను ఏదీ పారేసే మనిషిని కాను.

కాళ్ళు ముట్టుకోవద్దన్నది చిన్న మాటగా తీసుకోకండి. మా ఇంట్లో ఎవరు ఏ పని మొదలుపెట్టినా ఇంట్లో పెద్దవాళ్ళ కాళ్ళకు దండం పెట్టి వెళతారు. చెరకు కోత మొదటి రోజైనా, పరీక్షైనా, పెళ్ళిచూపులైనా అంతే. మా పెద్దవాడు, అంటే ఈ పిల్ల తండ్రి, ఈ దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది పుట్టినవాడు, బస్సు నడపడం నేర్చుకోవడానికి వెళ్ళిన పొద్దున కూడా మా అత్తగారి కాళ్ళు పట్టుకున్నాడు. ఈ పిల్ల డాక్టరు చదువు చదివిన ఆరేళ్ళూ, రాజధాని సువాకు బస్సెక్కే ప్రతిసారీ నా కాళ్ళు ముట్టుకునే ఎక్కింది. నేను నోటితో దీవించే రకం కాదు. తల మీద ఒక్క తట్టు తట్టి, టిఫిను డబ్బా తిరిగి తీసుకురమ్మని చెప్పేదాన్ని. అదే దీవెన. ఎవరికీ లేదనలేదు. నాతో ఏడాదిన్నర మాట్లాడని మరిది కొడుక్కి కూడా లేదనలేదు. అటువంటిది, డాక్టరైన నా మనవరాలికి ఆ రోజు లేదన్నాను.

కోపం ఎందుకంటే, ఆమె పెద్దాసుపత్రిలో రెండేళ్ళు పనిచేసింది. అక్కడి సర్జను ఆమెను పక్కన నిలబెట్టుకుని కోత, కుట్టు నేర్పాడు. తన కింద చదువుకోమని అడిగాడు. అలా అడిగించుకోవడానికి పిల్లలు వాకిట్లో పడి ఉంటారట. ఈమె వద్దని, ఫ్యామిలీ మెడిసిన్ అనే చదువుకు కాగితం నింపింది. అదేమిటని అడిగితే, ఒక పేటలో కూర్చుని, అక్కడి ఇళ్ళవాళ్ళందరినీ, పురిటి బిడ్డ దగ్గరనుంచి ముసలివాళ్ళ దాకా, ఏ రోగమైనా ముందు తనే చూడడమట. అన్ని రోగాలకూ ఒకే డాక్టరంటే అన్ని వంటలకూ ఒకే గరిటె అన్నట్టు. పాయసంలో పులుసు వాసన రాదా? మా పెద్దవాళ్ళు తెల్లవాళ్ళ చెరకు తోటల్లో కూలికి గిర్మిట్ కాగితం మీద వేలిముద్ర వేసి ఓడెక్కి వచ్చింది, నాలుగో తరంలో ఒక పిల్ల పేటలో బల్ల వేసుకుని నాలుకలు చూడడానికా?

నిజానికి ఈ తెగులు ఆమె ఒక్కదానిదే కాదు. అంతకు నెల ముందు ఆదివారం భోజనానికి తనతో పాటు అదే కాగితం నింపిన ఇద్దరిని తీసుకొచ్చింది. ఒకడు తవువా వైపు గని పనివాడి కొడుకు. ఇంకో ఆమె సువా అమ్మాయి, ఇద్దరు పిల్లల తల్లి. చేపల పులుసు వడ్డిస్తూ, కుర్ర డాక్టర్లందరూ ఈ చిన్న పని మీద ఎందుకు పడుతున్నారో ఒక్కొక్కరినే అడిగాను. నాకు మొహమాటం లేదు, చేప నాది. సువా అమ్మాయి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆపరేషన్ గదిలో రోజంతా నిలబడి, పిల్లలు లేవకముందు వెళ్ళి వాళ్ళు పడుకున్నాక ఇంటికి రావడం తన వల్ల కాదంది. అది నాకు నచ్చింది. బద్ధకమైతే బద్ధకమని చెప్పేవాళ్ళతో తంటా ఉండదు. ఆమెకు ఇంకో ముక్క వేశాను. ఆమె బద్ధకం కాదంటూనే తినేసింది.

గని పనివాడి కొడుకు మాత్రం కథ చెప్పాడు. వాళ్ళ నాన్నకు దగ్గయితే ఒకాయన ఊపిరితిత్తులు చూశాడట, నడుము నొప్పి అయితే మరొకాయన వెన్ను చూశాడట, నిద్ర పట్టకపోతే ఇంకొకాయన మాత్ర ఇచ్చాడట. మనిషి రోజంతా ఏం పని చేస్తాడు, ఏం తింటాడు, ఇంట్లో ఎవరితో మాట్లాడతాడు అని మూడేళ్ళలో ఒక్కరూ అడగలేదట. "మీ నాన్నకు నోరు లేదా, చెప్పుకోవడానికి?" అన్నాను. అతను నవ్వాడు. "డాక్టరు ముందు మా నాన్నకు నోరుండదు ఆజీ. మీ ఇంట్లో ఆజాకు ఉండేదా?" అన్నాడు. నేను లోపలికి వెళ్ళి ఆ రోజు గిన్నెలన్నీ గట్టిగా తోమాను. అతనికి రెండో ముక్క వేయలేదు.

మా ఆయనకు కూడా డాక్టరు ముందు నోరుండేది కాదు. ఇంట్లో ఉండేది. చెరకు తోటలో గ్యాంగు వాళ్ళ మీద ఉండేది, మత్తు వేరు కలిపిన యంగోనా గిన్నె చుట్టూ కూర్చుంటే ఇక చెప్పక్కర్లేదు. తెల్లకోటు కనిపిస్తే మాత్రం చేతులు కట్టుకుని "అంతా బాగే" అనేవాడు. ఆయనకు షుగరు ఉందని తెలిసిన తరువాత కళ్ళు మసకలేస్తే సువాలో కళ్ళ డాక్టరు చూశాడు, కళ్ళు పరవాలేదన్నాడు. ఛాతీ పట్టేస్తే గుండె డాక్టరు చూశాడు, గుండె పరవాలేదన్నాడు. ఇద్దరూ మంచివాళ్ళే, వాళ్ళు చూసినంత మేర సరిగ్గానే చూశారు. అన్ని పరవాలేదులూ మూట కట్టుకుని బస్సులో ఇంటికి వచ్చాము. తుపాకులతో ప్రభుత్వాన్ని కూలదోసిన కూ అయిన తరువాత ఎంతోమంది డాక్టర్లు ఆస్ట్రేలియాకూ న్యూజిలాండుకూ వెళ్ళిపోయిన రోజులు. అసలు ఒకరు చూడడమే గొప్పగా ఉండేది.

ఆ రోజుల్లోనే మా పొలం లీజు ముగిసే సమయం వచ్చింది. భూమి మాది కాదు, ఇక్కడ మావాళ్ళలో చాలామందికి సొంతం కాదు. లీజు నిలిస్తే మూడేళ్ళు నిప్పుల గుండం తొక్కుతానని మా ఆయన అమ్మవారికి మొక్కుకున్నాడు. పది రోజులు ఒంటిపూట తిండి, నేల మీద పడక, పసుపు బట్ట. మొదటి ఏడు అందరిలాగే గబగబా నడిచి వచ్చి పాల గుంటలో కాళ్ళు పెట్టాడు. రెండో ఏడు కాస్త నెమ్మదిగా వచ్చాడు. మూడో ఏడు మా ఆయన నిప్పుల మీద నడిచిన తీరు చూసినవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. సొంత పెరట్లో మొక్కలు చూసుకుంటూ తిరిగినట్టు నడిచాడు. మధ్యలో ఆగి, దండ జారితే సర్దుకున్నాడు. జనం జేజేలు కొట్టారు. ఆడవాళ్ళు వచ్చి ఆయన కాళ్ళ మీద పడ్డారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నా జన్మలో అంత గర్వపడిన రోజు ఇంకొకటి లేదు. ఎలా ఉందని అడిగితే, "ఏమీ తెలియలేదే, చల్లగా కూడా లేదు, వేడిగా కూడా లేదు," అన్నాడు. ఆ మాట నేను లోవు అంతా తిరిగి చెప్పాను. మా ఆయన భక్తి ఇంత, అని చేత్తో కొలిచి చూపించాను.

అరికాలి బొబ్బ చిన్నది. పసుపూ కొబ్బరినూనే రాశాను. అమ్మవారి నిప్పు తాకిన కాలికి ఇంకొకరి మందు ఎందుకని నాకు గట్టి నమ్మకం ఉండేది. ఆయనకు నొప్పి లేదు. నొప్పి లేని పుండును పుండని ఎవరంటారు?

ఐదు వారాలకు కాబోలు, హెల్త్ సెంటరుకు కొత్తగా వచ్చిన డాక్టరమ్మ పక్కింటి పురిటి బిడ్డను చూడడానికి నడుచుకుంటూ వచ్చింది. మహా అయితే ఇరవయ్యారేళ్ళుంటాయి. బడిపిల్లలు వేసుకునే లాంటి బూట్లు, చేతిలో గొడుగు. డాక్టరంటే కారు దిగాలని నా లెక్క. ఈమె మా కంచె మీదుగా మా ఆయన్ను చూసి, పిలవకుండానే లోపలికి వచ్చింది. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు, కాలి కట్టు చుట్టూ ఈగలు. ఆమె పుండు గురించి అడగలేదు. పొలంలో ఏం వేశారని అడిగింది, మొక్కు గురించి అడిగింది, గుండం ఎంత పొడుగని అడిగింది. ఆయన ఎంతో ఉత్సాహంగా చెప్పాడు. తెల్లకోటు లేదు కదా, నోరు వచ్చింది. అప్పుడు ఆమె తలుపు పక్కనున్న సాసా, అంటే మా కొబ్బరి ఈనెల చీపురు, దానిలోంచి ఒక ఈనె లాగి, మా ఆయన్ను కళ్ళు మూసుకోమంది. పుండు లేని రెండో కాలి అడుగున ఆ ఈనె కొసను తాకిస్తూ, ఎక్కడ తగిలితే అక్కడ చెప్పమంది. వేలికి తాకించింది, మడమకు తాకించింది, మధ్యలో తాకించింది. మా ఆయన కళ్ళు మూసుకుని నవ్వుతూ, "మొదలుపెట్టమ్మా," అన్నాడు.

ఆమె అప్పటికే ముగించేసింది.

నా వైపు తిరిగి మెల్లగా అడిగింది. "ఈయన కాళ్ళకు స్పర్శ లేక ఎన్నాళ్ళయింది?" అమ్మవారు ఒంటి మీదకు వచ్చిన రోజు నుంచి అన్నాను. "అంతకు ముందు నుంచే, షుగరు వల్ల అనుకుంటానమ్మా," అంది. ఆ ఒక్క మాటకు నాకు ఒళ్ళు మండిపోయింది. మూడేళ్ళ మొక్కు, పది రోజుల ఉపవాసం, ఆడవాళ్ళు పడ్డ ఆ కాళ్ళు, నేను ఊరంతా చెప్పుకున్న గొప్ప, అన్నీ కలిపి ఆమె ఒక చీపురు పుల్లతో ఊడ్చి పారేసింది. గుడి మెట్టెక్కని పిల్ల అమ్మవారిని తూచడానికి వచ్చిందా అన్నాను. మళ్ళీ మా పెరట్లో అడుగు పెట్టవద్దన్నాను. రేపే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమంది. ఆమె చెప్పింది గనుక తీసుకెళ్ళలేదు.

వారానికి మళ్ళీ వచ్చింది. గేటు బయట నిలబడి పిలిచింది. నేను గేటు తీయలేదు. ఆ తరువాతి వారం వాన కురుస్తోంది, గొడుగు వేసుకుని వచ్చి నిలబడింది. అంట్ల నీళ్ళు తీసుకెళ్ళి గేటు వైపు పారబోశాను. ఆమె మీద పడలేదు, బూట్ల మీద పడ్డాయి. పడాలనే పోశాను. ఇంకాసేపు నిలబడి వెళ్ళింది. నాలుగో సారి రాలేదు. ఆమెను వేరే దీవికి మార్చారని తరువాత తెలిసింది. ఆమె వెళ్ళిన పన్నెండు రోజులకు మా ఆయనకు చలిజ్వరం వచ్చింది. అప్పటికి కాలు మోకాలి కిందిదాకా నల్లబడింది.

సర్జను మంచి పనిమంతుడు. కోత శుభ్రంగా ఉందని నర్సులే చెప్పుకున్నారు. చదువుకునే పిల్లలను వెంటేసుకుని వచ్చి మంచం కాళ్ళ వైపు నిలబడి, కాలితోనే మాట్లాడి వెళ్ళేవాడు. ఆయన్ను తప్పుపట్టను, పోయే ప్రాణం నిలిపాడు. మా ఆయన ఆ తరువాత రెండేళ్ళు బతికాడు. లీజు నిలిచింది, దున్నే కాలు నిలవలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. ఒకసారి మాత్రం, అరుగు మీద కూర్చుని, గేటు వైపు చూస్తూ, "ఆ చీపురు పుల్ల పిల్ల మళ్ళీ రాలేదా?" అని అడిగాడు. రాలేదని చెప్పాను. నేను పోసిన నీళ్ళ సంగతి ఆయనకు తెలుసో తెలియదో నాకు తెలియదు. అడగలేదు. అడగడానికి రెండేళ్ళు చాలలేదు.

ఇదంతా మా మనవరాలికి తెలుసు. అప్పటికి ఆమెకు తొమ్మిదేళ్ళు, అన్నీ చూస్తూ తిరిగే వయసు. కాని మా ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు. ఆ ఆదివారం, మామిడి ముక్కల దగ్గర, ఎత్తింది.

నేను అన్నాను, "నువ్వు సర్జనువైతే మీ ఆజా లాంటివాళ్ళను బతికిస్తావు. గుమ్మాలు పట్టుకుని తిరిగే డాక్టరు ఎవరిని బతికించింది?"

మా మనవరాలు చేతిలో మామిడి ముక్క కింద పెట్టింది. "ఆజా కాలు తీసిన సర్జను పేరేమిటి ఆజీ?" అంది.

నాకు గుర్తులేదు. నిజంగానే గుర్తులేదు.

"గేటు బయట నిలబడ్డామె పేరు?"

ఆ పేరు నా నాలుక చివరే ఉంది, పద్దెనిమిదేళ్ళుగా ఉంది, ఇంటిపేరుతో సహా. నేను మామిడి ముక్కలు తిప్పాను.

"నాకు కోయడం వచ్చు," అంది. "బాగానే వచ్చు. కోయాల్సిన కాళ్ళు మా వార్డులోకి రోజూ వస్తాయి. ఒక్కో కాలి వెనకా ఒక గేటు ఉంటుంది ఆజీ. నేను ఆ గేటు దగ్గర నిలబడతాను. నీలాంటివాళ్ళు నీళ్ళు పోస్తారు, తెలుసు. బూట్లు ఆరబెట్టుకుని మళ్ళీ వస్తాను."

అదే ఇంకెవరైనా అని ఉంటే వాళ్ళకు ఆ సాయంత్రం మా ఇంట్లో అన్నం ఉండేది కాదు. ఈమెకు పెట్టాను గాని, మాట్లాడకుండా పెట్టాను. నీలాంటివాళ్ళు అంది కదా, ఆ మాట గొంతులో చేప ముల్లులా ఉండిపోయింది. పైగా తిన్నాక, నా మాత్రల డబ్బా తెరిచి చూసింది. హెల్త్ సెంటరులో నాకూ షుగరు మాత్రలు ఇస్తారు, ఊరికే ఇస్తారు. అయినా నేను ఒక్కోటి సగానికి విరిచి వేసుకుంటాను. ఊరికే వచ్చింది పారబోసుకోవాలని ఎక్కడుంది? ఆమె ఆ సగం ముక్కలను చాలాసేపు చూసి మూత పెట్టేసింది. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని. అరవలేదు. నా కాళ్ళ వైపు చూసింది, పాదాలు చీర కిందికి లాక్కున్నాను. రేపు ఏడు గంటల బస్సుకు సువా వెళతానంది. నా దీవెన లేకుండానే వెళ్ళమన్నాను.

మర్నాడు పొద్దున ఆమె స్నానం చేసి, కాగితం సంచిలో పెట్టుకుని, వెనక గుమ్మం దాకా వచ్చి ఆగింది. బస్సుకు ముందు గుమ్మమే దగ్గరైనా వెనక గుమ్మానికి ఎందుకు వచ్చిందో నేను అడగలేదు. నేను అప్పటికే మెట్టు మీద కూర్చుని ఉన్నాను. కాళ్ళు సబ్బుతో కడుక్కుని ఉన్నాను. దీవెనకు కాదని ముందే చెప్పాను. చూస్తానన్నావు కదా, చూసుకో, బస్సు తప్పిపోతే నా బాధ్యత లేదన్నాను.

ఆమె సంచి కింద పెట్టి, గోడకు ఆనించిన సాసాలోంచి ఒక ఈనె లాగి, నా ఎదురుగా నేల మీద కూర్చుంది. నా రెండు పాదాలూ తన ఒడిలో పెట్టుకుంది. "కళ్ళు మూసుకో ఆజీ. తగిలినప్పుడల్లా ఆఁ అను," అంది.

మూసుకున్నాను. ఆఁ అన్నాను. కాసేపటికి మళ్ళీ అన్నాను. ఆ తరువాత చాలాసేపు ఎదురుచూశాను. వీధిలో చెరకు లారీ ఒకటి వెళ్ళింది. ఇంకోసారి ఆఁ అన్నాను, అది తగిలి అన్నానో, అనాలని అన్నానో నాకే తెలియదు. ఎదురుచూసీ చూసీ, "మొదలుపెట్టవేం?" అన్నాను.

కళ్ళు తెరిచేసరికి ఈనె పక్కన పెట్టేసి ఉంది. తన చెప్పులు విప్పి నా కాళ్ళకు తొడుగుతోంది. పది చోట్ల తాకించానని చెప్పింది. ఏడు గంటల బస్సు వెళ్ళిపోయింది. ఎనిమిదింటి బస్సులో, నా పాత రబ్బరు చెప్పులు వేసుకుని, కాగితం తీసుకుని వెళ్ళింది.